ఫ్లిప్ కొట్టే ముందు హెలికాప్టర్ ముక్కు మీ వైపు తిప్పి నిలబెట్టండి

వీడియోల్లో ఆర్‌సీ (రిమోట్‌తో ఎగిరే) హెలికాప్టర్ తలకిందులుగా గడ్డిని రాసుకుంటూ తిరగడం చూసి, కిట్ కొన్న వారంలోనే ఫ్లిప్ (గాల్లో పల్టీ) కొట్టేద్దామనుకునే కుర్రాళ్లు మన కోనసీమలోనూ ఉన్నారు. కొట్టొచ్చు, కాకపోతే దాని తర్వాత స్పేర్ పార్ట్స్ కోసం కొరియర్ ఎప్పుడొస్తుందా అని ఎదురుచూడాలి. హెలికాప్టర్ ఎటు తిరిగి ఉన్నా రిమోట్‌లో ఏ స్టిక్ ఎటు నెట్టాలో ఆలోచించకుండానే వేలు కదలాలి. త్రీడీ ఫ్లయింగ్‌లో, అంటే ఇలాంటి తలకిందుల విన్యాసాల్లో, ముప్పావు వంతు అదే.

బొమ్మల షాపులో దొరికే ఫిక్స్‌డ్ పిచ్ (బ్లేడ్ల కోణం మారని) హెలికాప్టర్‌తో విన్యాసాలు కుదరవు. కలెక్టివ్ పిచ్‌ది కావాలి. అందులో బ్లేడ్ల కోణం ప్లస్‌లోకీ మైనస్‌లోకీ మారుతుంది, ఆ మైనస్ ఉండబట్టే తలకిందులుగా నిలబడగలుగుతుంది. కొన్నాక కూడా ముందు సిమ్యులేటరే, అంటే కంప్యూటర్‌లో ఎగరేసి నేర్చుకునే ప్రోగ్రామే. రియల్‌ఫ్లైట్ లాంటిది ఏదైనా సరే, మీ సొంత ట్రాన్స్‌మిటర్‌నే (చేతిలో పట్టుకునే రిమోట్) కంప్యూటర్‌కి కలిపి ఆడండి. స్టిక్‌ల అమరికని మోడ్ అంటారు. మోడ్ 2 అయితే ఎడమ స్టిక్‌లో కలెక్టివ్ (పైకీ కిందికీ), రడ్డర్ (ముక్కు తిప్పడానికి), కుడి స్టిక్‌లో ఎలివేటర్ (ముందుకీ వెనక్కీ), ఐలరాన్ (పక్కలకి) ఉంటాయి. ఒక మోడ్ పట్టుకున్నాక మళ్లీ మార్చకండి.

స్థలానికి మనకి లోటు లేదు, దాళ్వా కోతలయ్యాక చేలన్నీ ఖాళీయే. అయితే వరి కొయ్యలు తోక రోటర్‌కి తగులుతాయి. ధాన్యం ఆరబోసే బరకం పరిచేద్దామనిపిస్తుంది గానీ వద్దు, రోటర్ గాలికి దాని అంచు లేచి బ్లేడ్లకి చుట్టుకుంటుంది, ఒక ప్లైవుడ్ చెక్క వేసుకోండి. రొయ్యల చెరువుల దగ్గరికి అసలు పోవద్దు. ఏరేటర్ల కరెంటు తీగలు, కొంగలు వాలకుండా కట్టిన దారాలు దూరం నుంచి కనపడవు. పొద్దున్నే ఎగరేయండి, మధ్యాహ్నం దాటితే సముద్రం మీంచి వచ్చే గాలి కొత్తవాళ్లని కంగారు పెడుతుంది. 2021 డ్రోన్ నియమాలు సరదాకి ఎగరేసేవాళ్లకీ వర్తిస్తాయి కాబట్టి ప్రభుత్వ డిజిటల్ స్కై మ్యాప్‌లో మీ చేను ఏ జోన్‌లో ఉందో చూసుకోండి, మధురపూడి (రాజమండ్రి) విమానాశ్రయం చుట్టుపక్కలవాళ్లు మరీను. ఇంకోటి, శబ్దం వినగానే పిల్లలు గట్ల మీద నుంచి పరుగెత్తుకొస్తారు. బ్లేడు తగిలితే చిన్న గాయంతో పోదు, వాళ్లని దూరంగా ఆపడానికి పక్కన ఒక మనిషి ఉండాల్సిందే.

ఇక అసలు సాధన. తోక మీ వైపు ఉంచి హోవర్ చేయడం (గాల్లో ఒకేచోట నిలపడం) త్వరగానే వస్తుంది, అక్కడే చాలామంది స్థిరపడిపోతారు. నేలకి మరీ దగ్గరగా ఉంటే రోటర్ గాలి తిరిగి కొట్టి హెలికాప్టర్ జారుతూ ఉంటుంది, అందుకని కంటి ఎత్తుకి తీసుకెళ్లి నిలపండి. అది కుదిరాక తోకని కొంచెం పక్కకి, ఇంకొంచెం పక్కకి తిప్పుతూ పూర్తి సైడ్ వరకు రండి, కుడి వైపూ ఎడమ వైపూ రెండూ. ఒక వైపే బాగా వస్తోందంటే రెండో వైపుకే ఎక్కువ బ్యాటరీలు ఖర్చు చేయాలి. చివరికి ముక్కు మీ వైపు. ఇక్కడ ఎలివేటర్, ఐలరాన్ రెండూ మీకు తారుమారుగా కనిపిస్తాయి, హెలికాప్టర్ మీ ఎడమకి జారుతుంటే స్టిక్ కూడా ఎడమకే నెట్టాలి. రడ్డర్ విషయంలో తోకని చూడకండి, ముక్కు ఎటు పోతోందో చూడండి, అప్పుడు తికమక ఉండదు. టెన్షన్ వస్తే తోకని మీ వైపు తిప్పేసుకోవడం అలవాటు చేసుకుంటే ఎప్పటికీ ఆ పొజిషన్ రాదు. సిమ్యులేటర్‌లో విసుగొచ్చేదాకా చేయాల్సింది ఇదే.

తర్వాత నెమ్మదిగా చుట్లు, ఎనిమిది అంకె, ముందు ముక్కుతో, తర్వాత వెనక్కి ఎగరేస్తూ. ఆటోరొటేషన్ కూడా ఇప్పుడే నేర్చుకోండి, మోటారు ఆగిపోయినా బ్లేడ్ల ఊపుతో దింపడం తెలిస్తే సగం ధైర్యం వస్తుంది. మోటారుని ఆపేసే థ్రాటిల్ హోల్డ్ స్విచ్ చూడకుండా వేలికి దొరకాలి. నేలకి తగలబోతోందని తెలిసిన క్షణంలో హోల్డ్ వేస్తే గేర్లు, సర్వోలు (బ్లేడ్ల కోణం మార్చే చిన్న మోటార్లు) కొన్నైనా మిగులుతాయి.

ఫ్లిప్‌కి ఐడిల్ అప్ మోడ్ కావాలి, అందులో స్టిక్ కిందికి లాగినా రోటర్ వేగం తగ్గదు, పిచ్ మాత్రమే మైనస్‌కి వెళ్తుంది. ఆ స్విచ్ వేసి ఉండగా బ్యాటరీ కలపకండి. మంచి ఎత్తుకి తీసుకెళ్లి, తిరగడం మొదలైనప్పుడు పిచ్ ప్లస్‌లో, పక్కకి నిలువుగా వచ్చినప్పుడు సున్నాకి, తలకిందులయ్యాక మైనస్‌కి, మళ్లీ అదే దారిలో వెనక్కి. తలకిందులుగా ఆగి హోవర్ చేద్దామనుకుంటే కలెక్టివ్, ఎలివేటర్, రడ్డర్ మూడూ తిరగబడతాయి, ఐలరాన్ ఒక్కటే మామూలుగా ఉంటుంది. అంటే హోవర్ పాఠం తోక మీ వైపు నుంచి మళ్లీ మొదలన్నమాట. రెస్క్యూ బటన్ (నొక్కితే హెలికాప్టర్‌ని తనంతట తానే సరిచేసేది) ఉంటే వాడుకోండి, సిగ్గేం లేదు, కానీ అది పని చేయడానికీ ఎత్తు కావాలి.

లీపో (లిథియం పాలిమర్) బ్యాటరీలని మే నెల ఎండలో కారులో వదిలేయకండి. ఎగరేయని రోజుల్లో సెల్‌కి సుమారు 3.8 వోల్టుల దగ్గర ఉంచండి.