ఆకులో పిండి ఉందో లేదో ఇంట్లోనే తేల్చుకోండి

కుండీలోని మందార మొక్కను 48 గంటలు చీకటి గదిలో ఉంచండి. చీకట్లో ఆకు తన పిండిపదార్థాన్ని చక్కెరగా మార్చి వేర్లకు, మొగ్గలకు పంపేస్తుంది; ఈ మెట్టు ఎగ్గొడితే చివర్లో అయోడిన్ వేసినప్పుడు ఆకంతా నల్లబడి పరీక్షకు అర్థమే ఉండదు. తర్వాత ఒక ఆకు మధ్యలో, రెండువైపులా నల్లకాగితం క్లిప్పుతో బిగించి బాల్కనీ ఎండలో 5-6 గంటలు పెట్టండి. హైదరాబాద్‌లో జులై ముసురు రోజులు దీనికి పనికిరావు.

ఆకు కోసి 2 నిమిషాలు మరిగించండి. స్టవ్ ఆర్పేశాకే, వేడినీళ్ల గిన్నెలో సర్జికల్ స్పిరిట్ గ్లాసు నిలబెట్టి ఆకు వేయండి. స్పిరిట్‌కి మంట ఇట్టే అంటుకుంటుంది, కిటికీలు తెరవండి. స్పిరిట్ పచ్చబడి, ఆకు పాలిపోయి పెళుసవుతుంది. గోరువెచ్చని నీటిలో ముంచి, నీళ్లు కలిపిన అయోడిన్ చుక్కలు వేయండి. ఎండ తగిలినచోట నీలినలుపు, అంటే అక్కడ పిండి ఉన్నట్టు. కాగితం కింద గోధుమరంగే.

ఉల్లికాడతో చేయకండి: అది పిండిగా కాదు, చక్కెరగానే దాచుకుంటుంది.