జులూ బల్లెం కొనేముందు: కట్టు చూశాకే అలుగు చూడండి

దక్షిణాఫ్రికాలోని జులూల బల్లెం చేతికి రాగానే చూపు దాని అలుగు (పదునైన ఇనుప మొన) మీదికే పోతుంది. నకిలీలు చేసేవాళ్లూ తమ పనితనమంతా అక్కడే చూపిస్తారు. మీరు మాత్రం ముందు అలుగూ కర్రా కలిసేచోట, అంటే కట్టు దగ్గర, భూతద్దం పెట్టండి.

పాత పద్ధతిలో అలుగు అడుగున సన్నటి ఇనుప తోక ఉంటుంది. దాన్ని కాల్చి కర్రలోకి దించి, చెట్టు జిగురుతో నిలబెట్టి, పైన నారో లోహపు తీగో చుడతారు. లేదంటే దూడ తోక తోలును గొట్టంలా ఒలిచి, పచ్చిగా ఉండగానే తొడుగుతారు. ఆరేకొద్దీ అది ముడుచుకుని బిగుసుకుపోతుంది. అలాంటి తొడుగుకు నిలువు కుట్టు ఉండదు. కుట్టు కనిపిస్తే అది తర్వాతి మరమ్మతు కావచ్చు, మిగతా భాగాలను ఇంకాస్త గట్టిగా పరీక్షించండి. తోకకు బదులు కర్రే ఇనుప గొట్టంలోకి దిగి, కింది కొసన పొడవాటి ఇనుప ములుకు కూడా ఉంటే తూర్పు ఆఫ్రికాలోని మాసాయిల బల్లెం అయ్యే అవకాశం ఎక్కువ. అలాంటివాటికీ 'జులూ అస్సెగాయ్' (అస్సెగాయ్ అంటే బల్లెం) అని చీటీ తగిలించి అమ్ముతుంటారు.

తర్వాత కొలిచే టేపు చేతికి తీసుకోండి. దగ్గరనుంచి పొడిచే ఇక్ల్వాకు అలుగు వెడల్పుగా, తరచు 30 సెంటీమీటర్లు, అంతకు మించి కూడా ఉంటుంది. కర్ర పొట్టి, లావు. చెయ్యి జారకుండా కింది కొస ఉబ్బి ఉంటుంది. విసిరే ఇసిజులాకు అలుగు చిన్నది, దాని కింద పొడవాటి ఇనుప మెడ బయటికే కనిపిస్తుంది, కర్ర సన్నం. అయితే ఒక్క కొలతతో తేల్చేయకండి: ఏళ్ల తరబడి సాన పట్టిన ఇక్ల్వా అలుగు సగానికి అరిగిపోయి ఉండొచ్చు. జులూలకు దగ్గరి జాతులైన స్వాజీ, ఎన్డెబెలేల బల్లేలు కూడా దాదాపు ఇలాగే ఉంటాయి; ఈ జాతులన్నిటినీ కలిపి న్గూని అంటారు. ఊరూ పేరూ తెలియనిదాన్ని మీ పుస్తకంలో 'న్గూని, ఆగ్నేయ ఆఫ్రికా' అని రాసుకోవడమే నిజాయితీ.

అలుగు మందాన్ని మూడుచోట్ల వెర్నియర్‌తో (సన్నటి మందాలు కొలిచే పరికరం) కొలవండి. సమ్మెటతో సాగదీసిన ఇనుము ఎక్కడా ఒకేలా ఉండదు. మొదలునుంచి చివరిదాకా ఒకే మందం, గ్రైండరు గీసిన సమాంతర గీతలు, మెడ దగ్గర వెల్డింగ్ ముద్ద కనిపిస్తే అది పర్యాటకుల సరుకు. ఇనుము నాణ్యంగా ఉందని మాత్రం అనుమానించకండి. 19వ శతాబ్దంలో యూరప్ నుంచి వచ్చిన ఇనుమునూ వాడారు.

గుండు తల దుడ్డుకర్ర ఇవీసాలో కలప చార చూడండి. తలా కాడా ఒకే చెక్కలో చెక్కితే చార తెగకుండా సాగుతుంది. తల ఖడ్గమృగం కొమ్ముదైతే సైటిస్ (అంతరించే జీవుల వ్యాపారాన్ని నియంత్రించే అంతర్జాతీయ ఒప్పందం) పత్రాలు లేకుండా ముట్టుకోవద్దు.

'ఇసాండ్ల్వానాలో దొరికింది, 22 జనవరి 1879' (జులూలు బ్రిటిష్ సైన్యాన్ని ఓడించిన యుద్ధం) అనే చీటీకి, ఆనాటి ఉత్తరమో సైనికుడి రికార్డో జతగా లేకపోతే, ఒక్క ర్యాండ్ (దక్షిణాఫ్రికా డబ్బు) కూడా ఎక్కువ ఇవ్వకండి. యుద్ధభూమిలో మీరే ఏరుకోవడం అసలే కుదరదు. దక్షిణాఫ్రికా 1999 నాటి వారసత్వ చట్టం (25వ నంబరు) ప్రకారం 75 ఏళ్లు దాటిన సైనిక వస్తువులు పురావస్తువుల కిందికే వస్తాయి. అనుమతి లేకుండా తవ్వడం, అలాంటి చోటికి మెటల్ డిటెక్టరు తీసుకెళ్లడం నేరం. కొన్నది దేశం దాటించాలన్నా, ఎగుమతి అనుమతి కావాలేమో డబ్బు కట్టకముందే అడగండి.

ఇంటికి తెచ్చాక తళతళలాడించకండి. గట్టి గోధుమరంగు తుప్పును వదిలేయండి. రాలే నారింజ పొడిని మాత్రం 0000 నంబరు స్టీల్ ఊలుతో, ఒక్క చుక్క పల్చటి నూనెతో తీయండి. ఆ నూనె తోలుకు తగిలితే మచ్చ పడుతుంది, కాబట్టి ముందే కట్టు చుట్టూ ప్లాస్టిక్ కాగితం చుట్టండి. గదిలో తేమ 50 శాతం దగ్గర ఉంచండి: మరీ పొడిగా ఉంటే తోలు పగులుతుంది, తేమ పెరిగితే తుప్పు లేస్తుంది. కట్టుకు తాడు బిగించి వేలాడదీయకుండా, కర్రకు రెండుచోట్ల ఆధారమిచ్చి పడుకోబెట్టండి. పాత చీటీ ఎంత చిరిగినా పీకొద్దు. మీ పుస్తకంలోని నంబరు రాసిన చీటీని నూలు దారంతో కట్టండి, టేపుతో అతికించకండి.