మబ్బుల అడవికి మన నెల్లూరు నుంచి వెళ్లడం ఎలా? జలగలతో వేగడం ఎలా?

రోహిణి కార్తె ఎండలకు తాళలేక మన నెల్లూరు, ఒంగోలు వాళ్లు మున్నార్‌కు టికెట్లు తీసేస్తారు. టీ తోటల ముందు నాలుగు ఫొటోలు, రెండు డబ్బాల చాక్లెట్లు, గంటన్నర ట్రాఫిక్ జామ్, తిరుగు రైలు. మబ్బుల అడవిలో అడుగైనా పెట్టరు. టీ తోట అడవి కాదండీ, అడవిని నరికి వేసిన తోట. అసలు అడవి ఇంకా పైన, కొండల మడతల్లో మిగిలింది. దాన్ని షోలా అంటారు. చెట్లు పొట్టిగా, వంకర్లు తిరిగి, ఒళ్లంతా నాచు పట్టి ఉంటాయి. వాన పడకపోయినా మబ్బు ఆకులకు తగిలి నీళ్లయి కారుతూనే ఉంటుంది. పెంచలకోనలో తెల్లారుజామున పట్టే మంచును చూసి ఇదీ అలాంటిదే అనుకోవద్దు.

వెళ్లాల్సింది అక్టోబరు, నవంబరుల్లో. మే నెలలో మనుషుల తలలు తప్ప ఏమీ కనపడవు. జూన్ నుంచి ఆగస్టు దాకా కొండచరియల భయం. 2020 ఆగస్టులో మున్నార్ దగ్గరి పెట్టిముడిలో టీ తోట కూలీల ఇళ్ల మీద రాత్రిపూట కొండ విరిగిపడి పదుల మంది పోయారు. ఇక ఫిబ్రవరి, మార్చిల్లో నీలగిరి థార్ అనే కొండమేకలు ఈనే కాలమని మున్నార్ పక్కనున్న ఇరవికుళం జాతీయ పార్కును మూసేస్తారు.

కేరళ వెళ్లే రైళ్లు ఒంగోలు, నెల్లూరు మీదుగానే పోతాయి. ఆలువాలో దిగి బస్సో, టాక్సీయో ఎక్కాలి. ఆవకాయ అన్నం దట్టించి ఘాట్ రోడ్డు ఎక్కొద్దు. పక్కవాళ్లు కూడా మనుషులే.

బస విషయంలో ఒకటే సలహా. పేరులో 'ఎకో' అని ఉన్నంత మాత్రాన నమ్మకండి. గదిలో టీవీ, ఈతకొలను, రాత్రి క్యాంప్‌ఫైర్‌లో పాటలు అని ప్రకటన కనిపిస్తే అది మామూలు హోటలే. నేనైతే అటవీ శాఖ వాళ్ల బసే ఎంచుకుంటాను. మున్నార్ నుంచి సుమారు 35 కిలోమీటర్లు, టాప్ స్టేషన్ అనే కొండ మీది వ్యూపాయింట్ దాటాక పాంపాడుం షోలా ఉంది. కేరళలో అన్నిటికంటే చిన్న జాతీయ పార్కు, 1.32 చదరపు కిలోమీటర్లే. అక్కడ చెక్క ఇళ్లలో ఉండొచ్చు. గదులు కొన్నే కాబట్టి ముందుగా బుక్ చేసుకోవాలి.

సామాన్లు: స్వెటర్, రెయిన్‌కోటు, టార్చి, గట్టి బూట్లు, పల్చటి ప్యాంట్లు. జీన్స్ వద్దు. ఒకసారి తడిస్తే మీరు ఊరికి తిరిగొచ్చేదాకా ఆరవు.

ఇప్పుడు జలగల సంగతి. అందరూ తప్పుచేసేది ఇక్కడే.

మన చెరువుల్లో గేదెలను పట్టే జలగలు కావివి. దారప్పోగంత సన్నగా ఉండి, రాలిన తడి ఆకుల మధ్య కాచుకుని ఉంటాయి. వంగి చూస్తే కనపడతాయి. ఆకు అంచున తోక ఆనించి నిటారుగా లేచి, తల అటూ ఇటూ తిప్పుతూ వెతుకుతుంది. మన అడుగుల అదురు, ఊపిరి, ఒంటి వేడి దానికి తెలుస్తాయి. తెలిసిందా, జేనతో నేల కొలిచినట్టు వంగుతూ లేస్తూ బూటు మీదికి వచ్చేస్తుంది. చెట్ల మీంచి మీద పడతాయని గొడుగు వేసుకుని నడిచేవాళ్లున్నారు. చాలావరకు అవి ఎక్కేది కింద నుంచే. కాళ్లు చూసుకోండి.

లీచ్ సాక్స్ అని దగ్గర నేత గుడ్డతో మోకాలిదాకా కుట్టినవి దొరుకుతాయి. ముందు మామూలు సాక్సులు, వాటి మీద ప్యాంటు, ప్యాంటు మీద లీచ్ సాక్స్, ఆ పైన బూట్లు. వరుస ఇదే. ప్యాంటును సాక్స్ బయటికి వదిలేసి, లోపల జలగ దూరిందని కేకలు పెడితే ఎవరేం చేస్తారు? వేసుకున్నాక పైగుడ్డకు పొడి బట్టల సబ్బు రుద్దండి. ఉప్పు రుద్దితే తడికి కరిగిపోతుంది.

మన ప్రకాశం జిల్లా వాళ్లకో ప్రత్యేక హెచ్చరిక. ఇంట్లో పొగాకు ఉంటుంది కదా అని సాక్సుల్లో పొడి పోసుకుని వస్తారు. పొగాకుకు జలగ దూరంగా ఉంటుంది, నిజమే. కానీ ఆ పొడి తడిసి చర్మానికి అంటుకుంటే నికోటిన్ ఒంట్లోకి ఎక్కుతుంది. మంచులో తడిసిన ఆకు కోసే కూలీలకు తల తిప్పడం, వాంతులు ఎందుకొస్తాయో కందుకూరు, కనిగిరి వైపు ఎవరినడిగినా చెబుతారు. పది మైళ్ల దూరంలో డాక్టర్ లేని చోట ఆ టెన్షన్ ఎందుకు?

అయినా పట్టిందనుకోండి. పట్టి లాగొద్దు. అగ్గిపుల్లతో కాల్చొద్దు, కరిచి ఉన్నదాని మీద ఉప్పు చల్లొద్దు. అలా చేస్తే అది కడుపులో ఉన్నది గాయంలోకి కక్కే ప్రమాదం ఉంది. సన్నగా ఉన్న కొస తల. దాని పక్కన చర్మానికి గోరు ఆనించి, పట్టు ఊడేలా పక్కకు నెట్టండి. తర్వాత లావు కొసను కూడా అలాగే ఊడదీసి, వేలికి అంటుకునేలోపు విదిలించండి. రక్తం గంటలపాటు కారొచ్చు. గడ్డకట్టకుండా అది హిరుడిన్ అనే పదార్థాన్ని వదులుతుంది. కంగారు పడకుండా సబ్బుతో కడిగి, గుడ్డ అదిమి కట్టు కట్టండి. గోకొద్దు. రక్తం పల్చబడే మాత్రలు వాడేవాళ్లు బయల్దేరేముందే డాక్టర్‌ని అడగాలి.

బసలో పెద్దగా నేర్చుకోవాల్సిందేమీ లేదు. సోలార్ వేడి నీళ్లు ఎప్పుడొస్తాయో అడిగి ఆ వేళకే స్నానం చేయండి. పాటలు పెట్టకండి, ప్లాస్టిక్ పారేయకండి. భోజనంలో లావు ఎర్ర బియ్యం పెడితే మొలకొలుకుల అన్నంతో పోల్చి మొహం ముడుచుకోకండి. కారప్పొడి, నెయ్యి తీసుకెళ్తే సరిపోతుంది.

తిరిగొచ్చే రోజు బూట్లను, బ్యాగు మడతలను ఆరుబయట దులపండి. రైలు బెర్తు మీద జలగ కనపడితే పై బెర్తు పెద్దాయనకు సమాధానం చెప్పుకోవాల్సింది మీరే.