టీఎంటీలో (ట్రెడ్‌మిల్ మీద నడిపించే గుండె పరీక్షలో) పల్స్ ఎక్కట్లేదా? కంటి చుక్కల సంగతి అడిగారా?

లక్షణం: మనిషికి అరవై ఏళ్లు, కేబీఆర్ పార్కులో రోజూ నడుస్తాడు. కూర్చుంటే పల్స్ 64. వేగం, ఏటవాలు మెట్టుమెట్టుగా పెంచే బ్రూస్ పద్ధతి మూడో స్టేజీలో, అంటే గంటకు 5.5 కిలోమీటర్ల వేగం, 14 శాతం ఏటవాలులో, కాళ్లు లాగేస్తున్నా 108 దాటదు. రావాల్సింది 136 (220లోంచి వయసు తీసేస్తే 160, అందులో 85 శాతం). ఈసీజీ మారలేదు కదా అని ‘నెగెటివ్’ రాయకండి. గుండె మీద సరిపడా పనే పడలేదు.

మొదట రెయిలింగ్ గట్టిగా పట్టుకుని వేలాడుతున్నాడేమో చూడండి. తర్వాత మందుల కవరు తెప్పించి, పేరు చివర ‘లాల్’ ఉన్న గోలీ, అంటే గుండె వేగాన్ని తగ్గించే బీటా బ్లాకర్ కోసం వెతకండి: మెటోప్రొలాల్, అటెనలాల్, బైసొప్రొలాల్. ఇంత చిన్న పని వదిలేసి మెషిన్‌ను అనుమానించేవాళ్లే ఎక్కువ.

కవరులో ఏమీ లేకపోతే? అసలు దొంగ కంటి చుక్కల సీసాలో ఉండొచ్చు. నీటికాసులకు వాడే టిమొలాల్ కూడా బీటా బ్లాకరే. “ఏం గోలీలు వేసుకుంటున్నరు?” అంటే “ఏం లేవు సార్” అంటారు. అబద్ధం కాదు, చుక్కలు వాళ్ల లెక్కలో మందు కాదు. “కంట్లో ఏమన్నా వేసుకుంటున్నరా?” అని విడిగా అడగాలి. కాంబినేషన్ సీసాల మీద బ్రాండు పేరే పెద్దగా ఉంటుంది, టిమొలాల్ కింద సన్న అక్షరాల్లో. సీసా తిప్పి చదవండి.

0.5 శాతం మందులో మిల్లీలీటరుకు 5 మిల్లీగ్రాములు. ఒక చుక్కలో మిల్లీగ్రాములో నాలుగో వంతు లోపే. అయినా కన్నీటి దారిన ముక్కులోకి జారి, కాలేయం దాకా పోకుండా నేరుగా రక్తంలో కలుస్తుంది. డిప్రెషన్‌కు వాడే పారొక్సెటిన్ లాంటి మందు తోడైతే ఇంకా ఎక్కువసేపు నిలుస్తుంది.

మరి కూర్చున్నప్పుడు ఎందుకు బయటపడదు? విశ్రాంతిలో కళ్లెం గుండెను నిదానింపజేసే వేగస్ నరం చేతిలో ఉంటుంది, గుండెను పరుగెత్తించే సింపథెటిక్ నరాల వాటా తక్కువ. నడక మొదలవగానే వేగస్ పట్టు వదిలితే పల్స్ నూరు దాకా తనంతట తానే ఎక్కుతుంది. ఆ పైకి తోసేది సింపథెటిక్. బీటా బ్లాకర్ దాని దారి మూసేశాక పల్స్ దాదాపు అక్కడే ఆగుతుంది. లోటును గుండె ఒక్కో దెబ్బకు ఎక్కువ రక్తం తోసి కొంత పూడుస్తుంది, అంతే.

ఏం చేయాలి: రిపోర్టులో ‘నిర్ధారణకు చాలదు, బీటా బ్లాకర్ మీద ఉన్నారు’ అని రాయండి. గోలీ గానీ చుక్కలు గానీ పేషెంటు తనంతట ఆపకూడదు. గోలీ ఠక్కున ఆపితే ఛాతీ నొప్పి తిరగబెడుతుంది, చుక్కలు ఆపితే కంటి ప్రెషర్ పెరుగుతుంది. గోలీ అయితే గుండె డాక్టరు ఒప్పుకుంటే సాధారణంగా 24–48 గంటల ముందు ఆపుతారు. టిమొలాల్ ప్రభావం కంట్లో వారాలు నిలుస్తుంది కాబట్టి మార్పు కంటి డాక్టరే చెప్పాలి. కుదరకపోతే పల్స్ ఎక్కనవసరం లేని, అడినోసిన్ అనే మందు ఎక్కించి చేసే గుండె స్కాన్ ఉంది. చుక్క వేశాక కన్ను మూసి, ముక్కు పక్క మూలను రెండు నిమిషాలు నొక్కి ఉంచితే రక్తంలోకి పోయేది తగ్గుతుంది.

పల్స్‌ను తగ్గించే వేరే గోలీలు డిల్టియాజెమ్, వెరపామిల్, ఇవాబ్రడిన్ కూడా కవరులోనే దొరుకుతాయి. మందేదీ లేకుండా పల్స్ ఎక్కకపోతే సైనస్ నోడ్ (గుండె లయను మొదలుపెట్టే చోటు) బలహీనం కావచ్చు, డాక్టరుకు చెప్పండి. గుండె మార్పిడి అయినవాళ్లకు నరాలే తెగి ఉంటాయి: విశ్రాంతిలోనే 90 పైన, ఎక్కడం నిదానం.