విద్యార్థి విలేకరి – 4వ పాఠం: ఎత్తేసిన రెండు పేజీలు

ఇంటర్వ్యూ నోట్సు ఎలా రాసుకోవాలో కిందటి పాఠంలో చూశాం. ఆ నోట్సుతో రాసిన కథనాన్ని అచ్చుకు పంపే ముందు ఏమేం సరిచూసుకోవాలన్నది ఈ పాఠం. దీనికి అమెరికాలో నడిచిన ఒక కేసు కంటే మంచి పాఠ్యపుస్తకం నాకు దొరకలేదు.

1983 మే నెల. మిస్సోరీ రాష్ట్రంలోని హేజల్‌వుడ్ ఈస్ట్ హైస్కూల్లో జర్నలిజం క్లాసు పిల్లలు ‘స్పెక్ట్రమ్’ అనే పత్రిక నడిపేవారు. ప్రూఫులు (అచ్చుకు ముందు సరిచూసే ప్రతులు) చూసిన ప్రిన్సిపాల్‌కు రెండు కథనాలు నచ్చలేదు. ఒకటి స్కూల్లోనే చదువుతూ గర్భవతులైన ముగ్గురు అమ్మాయిల గురించి, రెండోది తల్లిదండ్రుల విడాకుల గురించి. మార్పులు చేసే టైం లేదని ఆయన రెండు పేజీలు మొత్తం ఎత్తేశారు. అభ్యంతరం రెండు కథనాల మీద, పోయినవి ఆరు!

పత్రికలో పనిచేసిన ముగ్గురు విద్యార్థినులు కోర్టుకెళ్లారు. 1969 నాటి టింకర్ తీర్పు వాళ్లకు అండగా ఉంది. వియత్నాం యుద్ధానికి నిరసనగా నల్ల బ్యాండ్లు కట్టుకొచ్చిన పిల్లల కేసది. వాక్ స్వాతంత్ర్యాన్ని ఎవరూ బడి గేటు దగ్గర వదిలేసి లోపలికి రారని అందులో సుప్రీంకోర్టు చెప్పింది. అయినా 1988 జనవరిలో అదే కోర్టు 5–3 తేడాతో స్కూలు పక్షాన నిలిచింది. పత్రిక పాఠంలో భాగం కాబట్టి, చదువుకు సంబంధించిన సహేతుకమైన కారణం ఉంటే యాజమాన్యం ఆపవచ్చంది. నాకైతే ఆ తీర్పుతో విభేదించిన జస్టిస్ బ్రెన్నన్ మాటే సబబనిపిస్తుంది. అభ్యంతరం ఉన్న వాక్యాలు కొట్టేసి మిగతాది వేయవచ్చు కదా.

సరే, తీర్పును పక్కన పెట్టి ప్రిన్సిపాల్ చెప్పిన కారణాలు చూడండి. లైంగిక విషయాలు చిన్న తరగతుల పిల్లలకు తగవన్నది ఒకటి. దానిమీద ఎంతైనా వాదించవచ్చు. మిగతా రెండూ విలేకరి పనికి సంబంధించినవి.

మొదటిది, పేర్లు మార్చినా మనిషి తెలిసిపోవడం. స్కూల్లో గర్భవతులు కొద్దిమందే అయినప్పుడు మారుపేరు ఎవరిని దాస్తుంది? మీ కాలేజీలోనూ అంతే. ‘సెకండియర్ సివిల్, హాస్టల్లో ఉండే ఒంగోలు అమ్మాయి’ అని రాస్తే పేరు రాసినట్టే. ఊరు, బ్రాంచి, సంవత్సరం, గది, ఒక్కోటీ తీసేస్తూ చదవండి. క్లాస్‌మేట్ కూడా పోల్చుకోలేని దాకా తీయండి.

రెండోది, అవతలివాళ్ల మాట లేకపోవడం. విడాకుల కథనంలో ఒకమ్మాయి తన తండ్రి ఇంట్లో టైం గడపడనీ, స్నేహితులతో పేకాడుతూ రాత్రి పొద్దుపోయేదాకా ఉంటాడనీ చెప్పింది. ప్రిన్సిపాల్ చూసిన ప్రూఫులో ఆమె పేరుంది. ఆ పేరును టీచర్ అప్పటికే తీసేశారని ఆయనకు తెలియదు. తండ్రిని మాత్రం ఎవరూ అడగలేదు. మన పత్రికల్లో ‘వివరణ కోసం ప్రయత్నించగా అందుబాటులోకి రాలేదు’ అన్న వాక్యం రోజూ కనిపిస్తుంది. మీరు నిజంగా ఫోన్ చేసి, మెసేజ్ పెట్టి, జవాబుకు టైం ఇచ్చాకే అది రాయండి.

ఇవి సరిచేస్తే ఎవరూ ఆపరని కాదు. ఆపేవాళ్లకు అసలు కారణం బయట పెట్టక తప్పదు, అంతే.

ఇంకో మాట, హక్కు ఊరిని బట్టి మారుతుంది. కాలిఫోర్నియాలో విద్యార్థి పత్రికలకు 1977 నుంచే రక్షణ చట్టం ఉంది. న్యూజెర్సీ 2021లో తెచ్చుకుంది. తెలుగు కుటుంబాలు ఎక్కువగా ఉన్న టెక్సాస్‌లో అలాంటిది లేదు. పైగా అమెరికా రాజ్యాంగపు వాక్ స్వాతంత్ర్య హామీ ప్రభుత్వ బడులకే వర్తిస్తుంది. మన దగ్గర ఆర్టికల్ 19(1)(ఎ) వాక్ స్వాతంత్ర్యం ఇస్తే, 19(2) పరువు నష్టం లాంటి హద్దులు పెడుతుంది.

అభ్యాసం: ఈ వాక్యం చూడండి. ‘మెస్ కాంట్రాక్టర్ పిల్లల డబ్బు తినేస్తున్నాడు.’ ఇది వార్త కాదు, ఆరోపణ. మెనూ బోర్డులో ఏముంది, ప్లేటులో ఏం పడింది, నెలకు ఎంత కట్టారు అన్నవి కనుక్కుని తిరగరాయండి. కాంట్రాక్టర్‌ను, వార్డెన్‌ను ఏమడగాలో మూడేసి ప్రశ్నలు రాసుకోండి. జవాబులు కథనంలో ఎక్కడ పెట్టాలన్నది 5వ పాఠంలో.