సీఆర్‌టీ పెట్టాక కూడా ఆయాసం తగ్గడం లేదా? ముందు ఈసీజీ తీయండి

బలహీనపడిన గుండెలో రెండు జఠరికలూ (కింది గదులు) కలిసి కొట్టుకునేలా పెట్టే మూడు వైర్ల పేస్‌మేకరే సీఆర్‌టీ. అది పెట్టిన కొన్ని నెలలు పేషెంటు బాగానే తిరుగుతాడు. ఆ తర్వాత మళ్ళీ ఆయాసం, కాళ్ళవాపు, తలకింద రెండో దిండు. ఉదయగిరి నుంచో కనిగిరి నుంచో బస్సెక్కి నెల్లూరు వచ్చేసరికి సంచిలో ఎకో రిపోర్టులు ఉంటాయి, ఒంట్లో నీరు తీసే లాసిక్స్ డోసు పెరిగి ఉంటుంది. పన్నెండు లీడ్ల ఈసీజీ మాత్రం ఉండదు. మిషన్ చెక్ చేయాలంటే ఆ కంపెనీ ప్రోగ్రామర్ అనే పరికరమే కావాలి, దాన్ని తెచ్చే మనిషి కోసం ఎదురుచూడాలి. ఈసీజీకి ఏ కంపెనీతోనూ పనిలేదు. దయచేసి అదొక్కటి ముందు తీయండి.

మాత్రలు ఆపారా, ఎండుచేపలూ ఊరగాయా మళ్ళీ మొదలయ్యాయా అన్నది మీరు ఎలాగూ అడుగుతారు, దాని గురించి చెప్పను.

ఈసీజీ ఆకారం మారిపోయింది

డిశ్చార్జ్ నాటి ఈసీజీ పక్కన పెట్టి చూడండి. రెండు జఠరికలూ కలిసి పేస్ అవుతుంటే, అంటే మిషన్ కరెంటుతో కొట్టుకుంటుంటే, సాధారణంగా లీడ్ 1లో క్యూఆర్‌ఎస్ (జఠరికల బీటును చూపే పెద్ద గీత) కిందికి దిగుతుంది, వీ1లో పైకి లేస్తుంది. ఇప్పుడు లీడ్ 1 పైకి, వీ1 కిందికి తిరిగి ఉంటే ఎడమ వైరు పట్టు వదిలిందని అనుమానించాలి. కుడి వైరొక్కటే పనిచేస్తోందంటే జబ్బుకు మందు వేయకపోగా ఇంకాస్త పెంచుతున్నట్టు. ఎక్స్‌రే తీసి వైరు జరిగిందేమో చూడండి. జరగకపోతే థ్రెషోల్డ్ (కండరం పట్టడానికి కావాల్సిన కనీస కరెంటు) కొలిచి అవుట్‌పుట్ పెంచడమో, నాలుగు పోల్స్ (కరెంటు ఇచ్చే చోట్లు) ఉన్న వైరైతే వెక్టర్ (కరెంటు ఏ పోల్ నుంచి ఎటు వెళ్ళాలన్నది) మార్చడమో చేస్తే చాలాసార్లు సరిపోతుంది.

కౌంటర్ 96 శాతం అంటోంది, పేషెంటు మాత్రం దిగజారుతున్నాడు

అందరినీ బోల్తా కొట్టించేది ఇదే. వంద బీట్లలో ఎన్నింటిని మిషన్ పేస్ చేసిందో లెక్కపెట్టేది కౌంటర్. ప్రోగ్రామర్ తెరమీద 96 అంకె కనపడగానే 'పేసింగ్ బాగుంది, గుండే బలహీనపడింది' అని రాసేస్తారు. ఆ కౌంటర్‌కు తెలిసింది తాను కరెంటు ఎన్నిసార్లు పంపానన్నదే. ఆ కరెంటు కండరాన్ని పట్టిందా లేదా అన్నది దానికి తెలియదు.

ఏట్రియల్ ఫిబ్రిలేషన్ (ఏఎఫ్, గుండె పైగదులు క్రమం తప్పి కొట్టుకోవడం) ఉన్నవాళ్ళలో ఇది మరీ ఎక్కువ. పైగదుల నుంచి గజిబిజిగా దిగే సొంత బీటూ, మిషన్ పంపే బీటూ ఒకే క్షణంలో కలుస్తాయి. దాన్ని ఫ్యూజన్ అంటాం. సొంత బీటే మొత్తం గుండెను పట్టేసి, ఈసీజీలో మిషన్ గీత ఊరికే దానిమీద పడితే సూడోఫ్యూజన్. మిషన్ ఈ రెండింటినీ పేసింగ్ కిందే లెక్కేసుకుంటుంది. శాశ్వత ఏఎఫ్ ఉన్న 19 మందిపై 2009లో వచ్చిన ఒక అధ్యయనంలో అందరికీ కౌంటర్ 90 శాతం పైనే చూపింది. హోల్టర్ (ఒంటికి తగిలించి రోజంతా ఈసీజీ తీసే పరికరం) పెడితే 10 మందికి అసలైన పేసింగ్ సరిగా అందడం లేదని తేలింది.

కోవూరు వైపు నుంచి వచ్చిన ఒక పెద్దాయన హోల్టర్ కాగితం చూడండి: ఒక బీటు వెడల్పు (నిజంగా పట్టింది), పక్కది సన్నం (సూడోఫ్యూజన్), మూడోది రెండింటికీ మధ్యరకం (ఫ్యూజన్). మూడింటి ముందూ పేసింగ్ గీత ఉంది. నాడి క్రమంగా లేదని ఆయన కొడుకు ముందే చెప్పాడు, ఎవరూ చెవిన పెట్టలేదు.

కాబట్టి పన్నెండు లీడ్ల హోల్టర్ 24 గంటలు పెట్టండి. మనకు కావాల్సింది 98 శాతం పైన, అదీ నిజంగా పట్టిన బీట్లు. ఏఎఫ్ అయితే బీటా బ్లాకర్, డిగాక్సిన్, అమియోడరోన్‌తో సొంత బీట్లను అదుపు చేయాలి. రక్తం పలచబడే మందు మరవొద్దు. అప్పటికీ లొంగకపోతే ఏవీ నోడ్ అబ్లేషన్, అంటే పైగదుల బీట్లు కిందికి దిగే దారిని కాల్చి మూసేయడం. దాని తర్వాత పేషెంటు పూర్తిగా మిషన్ మీదే ఆధారపడతాడు గనుక వైర్లన్నీ గట్టిగా ఉన్నాయని ముందే చూసుకోవాలి. అదనపు బీట్లు, అంటే పీవీసీలు, ఎక్కువున్నా నష్టం ఇదే. పొటాషియం, మెగ్నీషియం చూసి, మందులతో తగ్గకపోతే వాటికీ అబ్లేషన్ ఉంది. ఏది చేసినా మళ్ళీ హోల్టర్ పెట్టాల్సిందే.

కూర్చుంటే బాగుంది, నడిస్తే ఆయాసం

వరండాలో నడిపించి వెంటనే ఈసీజీ తీయండి. గుండె వేగం అప్పర్ ట్రాకింగ్ రేటు (పైగదుల బీటును మిషన్ వెంబడించగల గరిష్ఠ వేగం) దాటి పేసింగ్ తప్పిపోతుండొచ్చు, లేదా ఏవీ డిలే (పైగదుల బీటు తర్వాత కింది గదులను పేస్ చేసేముందు మిషన్ ఆగే సమయం) ఎక్కువై సొంత బీటు ముందే దిగుతుండొచ్చు. రెండూ ప్రోగ్రామర్‌తో సరిచేయొచ్చు.

ఎడమ పక్కకు తిరిగి పడుకుంటే పొట్ట ఎగురుతోందంటే డయాఫ్రమ్‌ను కదిలించే ఫ్రెనిక్ నరానికి కరెంటు తగులుతున్నట్టు, వెక్టర్ మారిస్తే చాలాసార్లు ఆగుతుంది. వైరు విరగడం, ఇన్సులేషన్ చిరగడం అరుదు. ఇంపీడెన్స్ (వైరులో కరెంటుకు ఎదురయ్యే అడ్డు) అంకెలో చాలాసార్లు తెలుస్తుంది.

మల్టీపాయింట్ పేసింగ్ ఆన్ చేద్దామా?

ఎడమ వైపు ఒకచోటికి బదులు రెండుచోట్ల పేస్ చేస్తే కొందరికి మేలు జరిగిన మాట నిజమే. అందరికీ ఉపయోగమని తేలలేదు, పైగా బ్యాటరీ తొందరగా అయిపోతుంది. ఉన్న ఒక్కచోటే కరెంటు పట్టడం లేదన్నప్పుడు రెండోది కలిపి లాభం లేదు. హోల్టర్‌లో పేసింగ్ నిజంగా 98 దాటి, ఏవీ డిలే సరిచేసి, మందులు పూర్తి డోసుకు తెచ్చాక కూడా ఎకోలో మార్పు లేకపోతే, అప్పుడు ఆన్ చేయండి. మూడు నాలుగు నెలల తర్వాత ఎకోతోపాటు బ్యాటరీ కూడా చూసి, మేలు కనపడకపోతే ఆపేయండి.