మీ ఎమ్మెల్యే సోలార్‌కి నిజంగా ఏం చేశారో కూపీ లాగడం ఎలా

ఒడిశాలోని మా రాయగడలో, మా వీధి చివర ఒక సోలార్ లైటు స్తంభం ఉంది. ఎమ్మెల్యే పేరున్న రేకు ఇంకా తళతళలాడుతోంది గానీ బ్యాటరీ పెట్టె మూత ఊడి వేలాడుతోంది. లోపల బ్యాటరీ లేదు, బల్లి గుడ్లున్నాయి. ఎన్నికల కరపత్రంలో ఆ స్తంభం కూడా సౌరశక్తికి చేసిన సేవ కింద లెక్కకొచ్చింది. అప్పటి నుంచి నాకు ఇదో పిచ్చి. మీరూ పట్టించుకోవచ్చు, రెండు మూడు ఆదివారాలు పోతాయంతే.

ముందు ఎమ్మెల్యే చేతిలో ఏముందో తెలుసుకోండి. కరెంటు ఉమ్మడి జాబితాలోది, ఢిల్లీకీ భువనేశ్వర్‌కీ ఇద్దరికీ అధికారం ఉంది. ఇంటి మీద 3 కిలోవాట్ల సోలార్ పలకలు పెట్టుకుంటే పీఎం సూర్యఘర్ కింద వచ్చే 78,000 రూపాయలు కేంద్రం ఇచ్చేవి, "నేనే ఇప్పించా" అని ఎవరైనా అంటే నవ్వి ఊరుకోండి. మంత్రి కాని ఎమ్మెల్యే చేయగలిగింది సభలో ప్రశ్న వేయడం, ఇంధన శాఖ పద్దు మీద మాట్లాడడం, నియోజకవర్గ నిధులతో పనులు సిఫారసు చేయడం. కాలిఫోర్నియాలోనైతే 2045 నాటికి కరెంటంతా కర్బనం లేనిదే కావాలన్న 2018 చట్టానికి బిల్లు పెట్టింది కెవిన్ డి లియోన్ అనే స్టేట్ సెనేటరే, అంటే అక్కడి రాష్ట్ర శాసనసభ్యుడే. మన దగ్గర అలాంటివి సర్కారు నుంచే వస్తాయి, ఒడిశా 2022 పునరుత్పాదక ఇంధన విధానం కూడా అంతే. అందుకే మనవాళ్లని ప్రశ్నలతో తూచాలి.

ఆ ప్రశ్నలు, జవాబులు ఒడిశా విధానసభ వెబ్‌సైట్‌లో వెతకండి. చాలావరకు ఒడియాలోనే ఉంటాయి, తెలుగు బడిలో చదివిన నాకు ఆ లిపి చూస్తేనే టెన్షన్. పక్కింటి ఒడియా మీడియం పిల్ల చేత "సౌర", "అక్షయ శక్తి" అనే రెండు మాటలు చీటీ మీద రాయించుకుని, ఫోన్ పక్కన పెట్టుకుని ఒక్కో పేజీ పోల్చుకుంటూ పోయాను. పునరుత్పాదక ఇంధనాన్ని వాళ్లు అక్షయ శక్తి అంటారు, మన మాట కంటే అదే నయం. ఒక్కసారి అడిగి వదిలేసిన ప్రశ్నకు పెద్ద మార్కులు వేయకండి, తర్వాతి సమావేశాల్లో అదే విషయం మళ్లీ పట్టుకున్నారా అన్నది చూడండి.

ఇంకో తిరకాసు ఉంది. 2019 మార్చి నుంచి కేంద్రం పెద్ద జల విద్యుత్తును కూడా పునరుత్పాదకంలో కలిపింది. అందువల్ల కరపత్రంలో మెగావాట్లు భారీగా కనిపిస్తే అందులో మాచ్‌ఖండ్, బలిమెల జల విద్యుత్ కేంద్రాలు ఉన్నాయేమో అడగండి. ఆంధ్రా, ఒడిశా ఉమ్మడిగా కట్టుకున్న మాచ్‌ఖండ్ 1955 నాటిది, మన ఎమ్మెల్యే గారు అప్పటికి పుట్టారో లేదో.

ఇక నిధుల లెక్కకు కలెక్టరేట్‌లో సమాచార హక్కు దరఖాస్తు వేయండి. ఒడిశాలో తెల్లకాగితం మీద రాసిస్తే తిప్పి పంపుతారు, ఫారం ఏ నింపి 10 రూపాయల ఫీజు కట్టాలి, కోర్టు ఫీజు స్టాంపు అంటించినా సరిపోతుంది. 30 రోజుల్లో జవాబివ్వాలి. ఎన్ని లైట్లు, ఏ ఊళ్లో, ఎంత ఖర్చు అని అడిగి, చివర్లో నిర్వహణ ఎవరిది అని తప్పకుండా రాయండి. నేను మొదటిసారి అది మర్చిపోయాను, జాబితాలో మా స్తంభం పేరుకు ఎదురుగా "పూర్తయింది" అన్న ఒక్క మాటతో జవాబొచ్చింది, మళ్లీ ఇంకో దరఖాస్తు.

జాబితా చేతికొచ్చాక చీకటి పడ్డాకే తిరగండి, పగలు అన్ని స్తంభాలూ బాగానే ఉన్నట్టుంటాయి. టార్చి మర్చిపోకండి, మా వైపు వీధుల్లో కుక్కలెక్కువ.